బోర్లించిన డొప్ప

ఆడపిల్ల మణికట్టు ఎలా పట్టుకోవాలో ఏడాదిన్నర పాటు నేను రాశాను. లిఫ్టులో పట్టుకోవడం, మెట్ల మీద పట్టుకోవడం, వానలో బస్టాపు దగ్గర పట్టుకోవడం. బొమ్మలు నేను వేయలేదు. అవి ఏ దేశంలోనో ఎవరో వేసేవాళ్లు. అబ్బాయిల గడ్డాలు సూదిగా ఉండేవి, అమ్మాయిల కళ్లు సగం మొహం ఆక్రమించేవి. మాటలుండాల్సిన బుడగలు మాత్రం ఖాళీగా వచ్చేవి. వాటి ఇంగ్లీషు వేరే కాగితంలో ఉండేది. ఆ బుడగల్లో తెలుగు నింపడం నా పని. జనం ఫోన్లలో చదువుకునే ప్రేమ కామిక్స్ అవి, వారానికి రెండు ఎపిసోడ్లు.

అంతకుముందు అరకులో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. అది మూతపడ్డాక ఈ పని దొరికింది. మా ఊళ్లో ఇళ్ల దగ్గర సిగ్నల్ రాదు. కాఫీ తోట పై అంచున సిల్వర్ ఓక్ చెట్టు కింద ఒక బండరాయి ఉంది, అక్కడైతే వస్తుంది. ఆ రాయి మీద కూర్చుని, ఎన్నడూ లిఫ్టు ఎక్కని పిల్లలు సైతం చదివేలా లిఫ్టులో ప్రేమ మాటలు రాశాను.

ఒక ఎపిసోడ్ గురించి చెప్పాలి. హీరో కంపెనీ యజమాని. హీరోయిన్ అతని దగ్గర ఉద్యోగం చేస్తుంది. లిఫ్టులో ఆమెను గోడకు ఆనించి మణికట్టు పట్టుకుంటాడు. ఆమె మూడుసార్లు వద్దంటుంది. నేను మూడూ రాశాను. హైదరాబాదు నుంచి ఎడిటర్ ఫోన్ చేశాడు.

"మేడమ్, మూడు వద్దులెందుకు? హీరో మీద నెగెటివ్ ఫీలింగ్ వస్తుంది. ఒక్కటి ఉంచండి. దాని పక్కన మూడు చుక్కలు పెట్టండి."

పెట్టాను. చుక్కలు పెట్టగానే వద్దు కాస్తా మూలుగులా మారింది. హీరో బుడగలో ఇంగ్లీషు మాట చప్పగా ఉందని, దాన్ని పక్కన పడేసి నా సొంతంగా ఒకటి రాశాను. "నీ నోరు వద్దంటోంది. నీ నాడి మాత్రం నాతో వేరే మాట చెబుతోంది." ఎడిటర్ తెగ మెచ్చుకున్నాడు. ఆ మాటను బొమ్మతో సహా కత్తిరించి, జనం స్టేటస్‌లుగా పెట్టుకునేలా వదిలాడు. వేల మంది పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను.

మా అక్క కూతురు మాత్రం పెట్టుకోలేదు. దానికి ఇరవై రెండేళ్లు. ఏఎన్ఎం చదివి, కింది ఊళ్లో ఆరోగ్య ఉపకేంద్రంలో పనిచేస్తోంది. నేను రాసినవన్నీ మొదట చదివేది అదే. ఈ మాట చదివి మొహం చిట్లించింది. "బయపడినా నాడి అలగే కొట్టుకుంటాది సిన్నమ్మా. మాకు మొదటి నెల్లోనే సెప్పినారు" అంది. నేను నవ్వేసి, కథలో డాక్టరు పాఠాలేమిటే అన్నాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఒక శుక్రవారం అది అరకు సంతకు వెళ్లి వచ్చింది. సంచి గుమ్మంలో పడేసి, ఏమీ మాట్లాడకుండా కుడిచేయి నా ముందు చాపింది. మణికట్టు చుట్టూ నాలుగు వేళ్ల గుర్తులు ఎర్రగా ఉన్నాయి. గాజు పగిలి గీసుకున్నచోట రక్తం ఎండిపోయింది.

"ఏటైంది?" అన్నాను.

"జీపు గుంటడు. ఉల్లిపాయల కాడ సెయ్యి పట్టేసినాడు. అందరూ సూస్తన్నారు."

ఆ అబ్బాయి నాకు తెలుసు. పై ఊరివాడు, షేర్ జీపు నడుపుతాడు. రోజూ దీన్ని ఉపకేంద్రం దగ్గర దించేది ఆ జీపే. అంతకుముందు రెండుసార్లు పెళ్లి చేసుకుంటావా అని అడిగితే ఇది రెండుసార్లూ మర్యాదగా వద్దని చెప్పింది. ఆ సంగతి నాకు ముందే చెప్పింది కూడా.

"ఈసారీ వద్దన్నాను. వదులన్నాను. ఆడు నవ్వినాడు. నవ్వి ఏటన్నాడో తెలుసా సిన్నమ్మా?"

చెప్పింది. అక్షరం పొల్లుపోలేదు. నోరు, వద్దు, నాడి, వేరే మాట.

"అది నువ్వు రాసిందే గదా" అంది. గొంతులో నిష్ఠూరమైనా లేదు. మందు చీటీ మీద మందు పేరు చదివినట్టు చదివింది. నేను గాయం కడిగి పసుపు అద్దబోతే, పసుపు కాదు డెటాల్ తెమ్మని అదే చెప్పింది.

దానికి ఎక్కువ బాధ కలిగించింది చుట్టూ ఉన్న జనం నవ్వు. ఎండుచేపలు అమ్మే ముసలమ్మలు పళ్లు బయటపెట్టి "పట్టేసినాడు, ఇంక పెళ్లే" అన్నారట. వాళ్లు అలా అనడానికి కారణం ఉంది.

మా వైపు కొన్ని ఊళ్లలో సంతలో చేయి పట్టడమనే పాత ఆచారం ఉంది. అబ్బాయి పదిమందిలో అమ్మాయి చేయి పడతాడు. పడితే పెళ్లి అయిపోయినట్టు కాదు, అడిగినట్టు. అంతే. ఆ తర్వాత అబ్బాయివాళ్లు జీలుగు కల్లు కుండతో అమ్మాయి ఇంటికి వస్తారు. వాకిట్లో కుండ దించుతారు. అడ్డాకులతో కుట్టిన డొప్ప ఒకటి అమ్మాయి చేతికిస్తారు. ఆమె కల్లు వంచి అబ్బాయి తండ్రికిస్తే ఇష్టమన్నట్టు. డొప్పను నేల మీద బోర్లిస్తే వద్దన్నట్టు. బోర్లించాక ఎందుకని ఎవరూ అడగరు. కుండ ఎత్తుకుని, ఒక్క చుక్క తాగకుండా వెళ్లిపోతారు. మళ్లీ ఆ గుమ్మం తొక్కరు.

మా అమ్మ తన పద్దెనిమిదో ఏట అలా బోర్లించింది. కుండ తెచ్చినవాళ్లకు రెండు జతల ఎడ్లు, నీళ్లు పారే పొలం ఉన్నాయి. అయినా బోర్లించింది. ఎందుకమ్మా అని చిన్నప్పుడు అడిగితే "నా ఇష్టం" అంది. అంతకు మించి ఇప్పటికీ చెప్పదు. మా నాన్న ఆ తర్వాత రెండేళ్లకు కుండ తెచ్చాడు.

మా ఆచారం బంగారమని నేననను. డొప్ప చేతికిచ్చే ముందు చెల్లెల్ని గొడ్డును బాదినట్టు బాదిన అన్నలున్నారు. వాకిట్లో కుండ చూసి భయంతో వంచేసిన పిల్లలూ ఉన్నారు. చేయి పట్టడమే తప్పని మా అక్క కూతురు అంటుంది, అది నిజమే. కానీ విశాఖలో నేను బి.ఇడి. చదివేటప్పుడు హాస్టల్లో ఒకమ్మాయి "మీలో ఎత్తుకుపోయి పెళ్లి చేసుకుంటారట కదా, పాపం" అని జాలిపడేది. ఆమె దిండు కింద ఎప్పుడూ ఒక ప్రేమ నవల ఉండేది. అందులో హీరో హీరోయిన్‌ని కారులో ఎత్తుకుపోయి గెస్ట్ హౌస్‌లో పెట్టి తాళం వేస్తాడు. నూటయాభై పేజీలు ఆమె ఏడుస్తుంది, చివరి పేజీలో అతని గుండెల మీద వాలుతుంది. గురివింద గింజ తన నలుపెరగదు. మేం చేస్తే ఆటవికం, వాళ్లు అచ్చేస్తే శృంగారం. మాకు కనీసం ఒక డొప్ప ఉంది. ఆ నూటయాభై పేజీల్లో ఆమె చేతికి ఎవడు ఏమిచ్చాడు?

ఆదివారం మధ్యాహ్నం అబ్బాయివాళ్లు మా అక్క ఇంటికి రానే వచ్చారు. అబ్బాయి, అతని తండ్రి, మేనమామ, ఇంకో ఇద్దరు. మా అక్క కూతురు అప్పుడు ఇంట్లో లేదు. నొప్పులొస్తున్న ఒకామెను అంబులెన్సులో పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది.

ఇక్కడే తప్పు జరిగింది. మా అక్క చర్చికి వెళ్తుంది. బావ బతికున్నప్పటి నుంచీ ఆ ఇంట్లో కల్లు గుమ్మం దాటదు. అబ్బాయివాళ్లూ అదే చర్చివాళ్లు. అందుకని కుండకు బదులు నాలుగు పెద్ద కూల్‌డ్రింక్ సీసాలు, ఒక ప్లాస్టిక్ గ్లాసుల కట్ట తెచ్చారు. ఈ మధ్య చర్చి ఇళ్లలో ఇలాగే జరుగుతోంది. కల్లు పోయింది, మంచిదే. కానీ కల్లుతోపాటు డొప్పా పోయింది, డొప్పతోపాటు పిల్లనడగడమూ పోయింది. సీసా చూస్తే ఎవరికీ ఆ ప్రశ్న గుర్తురాదు. మా అక్కకూ గుర్తురాలేదు. ఇంటికొచ్చినవాళ్లు ఎండన పడి వచ్చారు, వాళ్లే సీసాలు తెచ్చారు. మా అక్క మూత తిప్పి గ్లాసుల్లో పోసి అందరికీ ఇచ్చింది. నేను తోటలోంచి దిగొచ్చేసరికి గ్లాసులు ఖాళీ అయిపోయాయి. మేనమామ మీసం తుడుచుకుంటున్నాడు.

"అయిపోనాది. పిల్ల తల్లే పోసినాది, మనం తాగినాము. ఇంక పాస్టరుగారితో మాటాడి రోజు సూసుకోడమే" అన్నాడు.

అక్క చేతిలో సీసా కింద పెట్టేసింది. "అదేటన్నయ్యా, ఇంటికొచ్చినోలికి తాగడానికి ఇచ్చాను గానీ" అంది. ఆయన వినిపించుకోలేదు. తాగినమాట తాగినమాటే అన్నాడు. పిల్లను పదిమందిలో పట్టాడు, పిల్ల కేకలేసి గోల చేయలేదు, తల్లి పోసింది. ఇంకేం కావాలన్నాడు. మౌనం అర్ధాంగీకారమని సామెత కూడా విసిరాడు. ఆ సామెత పుట్టించినవాడెవడో గానీ, మౌనంగా ఉన్నది ఎవరో, ఎందుకో ఒక్కసారైనా చూసి ఉండడు.

మా అమ్మ అరుగు మీద కూర్చుని చోడి పిండి జల్లిస్తోంది. చెవులు సరిగా వినపడవంటుంది గానీ, వినాల్సినవన్నీ వింటుంది.

"ఎవులు పోసినారు?" అంది.

"పిల్ల తల్లి పోసినాది గదా" అన్నాడు మేనమామ.

"అయితే తల్లిని పెళ్లాడతాడేటి మీవోడు?"

అమ్మ జల్లెడ పక్కన పెట్టింది. నా వైపు చూసి "ఒలే, అడ్డాకు తే. నాలుగు పుల్లలూ తే. ఈ పలాస్టిక్ గలాసులు బోర్లిస్తే గాలికెగిరిపోతాయి" అంది. పిల్ల వచ్చేదాకా ఎవరూ కదలడానికి వీల్లేదంది. ఆకులు తెచ్చి, చీపురు పుల్లలతో డొప్ప కుట్టాను. తొందరలో కుట్టు వంకరగా పోయింది.

సాయంత్రం నాలుగున్నరకు మా అక్క కూతురు వచ్చింది. కాన్పు బాగా జరిగిందట, చీర మీద మరకలు ఇంకా ఉన్నాయి. వాకిట్లో జనాన్ని, సీసాలను, నా చేతిలో డొప్పను చూసింది. జరిగిందంతా అక్క ఏడుస్తూ చెప్పింది. అది కాళ్లు కడుక్కుని వచ్చి నిలబడింది.

అబ్బాయి లేచాడు. చెడ్డ కుర్రాడేం కాదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, తల తడిపి దువ్వుకున్నాడు. "నీకు నానంటే ఇష్టమే. పైకి సెప్పవు. ఆ రోజు సెయ్యి పట్టుకున్నప్పుడు నీ నాడి ఎంత బేగి కొట్టుకున్నాదో నాకు తెల్దేటి?" అన్నాడు. అందరి ముందూ, పూర్తి నమ్మకంతో అన్నాడు.

మా అక్క కూతురు అతని దగ్గరికి వెళ్లింది. "నీ సెయ్యి ఓపాలి ఇస్తావేటి?" అని అడిగింది. అడిగాకే, అతను చాపాకే, మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించింది. రెండో చేతి వాచీ వైపు చూస్తూ నిలబడింది. నిమిషం నిండేదాకా లెక్కపెట్టింది. కోడి ఒకటి ప్లాస్టిక్ గ్లాసును పొడుస్తోంది.

"నూట పద్దెనిమిది" అంది. చేయి వదిలేసింది. "ఇది నా మీద ఇష్టమా, నాను ఏటంటానో అని బయమా, మీ మావ తిడతాడనా? నాడి సెప్తాదేటి? నాకు సెప్పనేదు. ఆ రోజు నాకు బయమేసినాది. అందుకే కొట్టుకున్నాది."

అతను తన మణికట్టు వైపే చూసుకున్నాడు. "కామిక్స్‌లో అలగే ఉంటాది గదా" అన్నాడు నెమ్మదిగా.

ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు. ఊరుకుంటే ఆ మేనమామకూ నాకూ తేడా ఏముంది? "ఆ మాట రాసింది నేనే" అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. ఆ బొమ్మల కథలకు తెలుగు రాసేది నేనేనని, ఆ పిల్ల మూడుసార్లు వద్దంటే రెండు కొట్టేసి ఒకదానికి చుక్కలు పెట్టింది కూడా నేనేనని చెప్పాను. సంతలో చేయి పట్టింది అతనే, కానీ ఆ మాట అతని నోట్లో పెట్టింది నేనన్నాను.

అతను నన్నే చూస్తూ ఒకటి అడిగాడు. "మరి సివరికి ఆ పిల్ల ఒప్పుకుంటాది గదండీ?"

"ఒప్పుకుంటుంది" అన్నాను. "అలా రాయమన్నారు గనక ఒప్పుకుంటుంది. ఆమెనెవరూ అడగలేదు. అడగడానికి ఆమె మనిషి కాదు, బొమ్మ."

మా అక్క కూతురు నా చేతిలోంచి డొప్ప తీసుకుంది. వాకిలి మధ్యకు వెళ్లి, వంగి, దాన్ని నేల మీద బోర్లించింది. గాలి రాలేదు. వచ్చినా ఎగరకుండా దాని మీద ఒక రాయి కూడా పెట్టింది.

మేనమామ ఏదో అనబోయాడు. అబ్బాయి తండ్రి, అంతవరకు పెదవి విప్పని పెద్దాయన, లేచి కండువా దులుపుకున్నాడు. "డొప్ప బోర్లించినాది. లెగండి" అన్నాడు. మిగిలిన సీసాలు తనే ఎత్తుకున్నాడు. గుమ్మం దాటబోతూ ఆగి, మా అక్క కూతురితో "సంతలో మావోడు సేసింది తప్పే అమ్మా" అన్నాడు. అబ్బాయి తల దించుకుని వెంట వెళ్లాడు. మర్నాటి నుంచి ఇది వేరే జీపు ఎక్కింది. అతను ఒక్కసారి కూడా దీని దారికి అడ్డం రాలేదు.

ఆ వారం నేను ఎపిసోడ్ పంపలేదు. ఎడిటర్ రెండుసార్లు ఫోన్ చేశాక, ఎందుకు పంపలేదో తెలియాలి కదా అని జరిగిందంతా పెద్ద మెసేజ్‌గా రాశాను. సంత, సీసాలు, డొప్ప, నూట పద్దెనిమిది. ఇలాంటి కథలకు ఇక మాటలు రాయలేనని కూడా రాశాను. కనీసం సారీ అంటాడనుకున్నాను. నా పిచ్చి.

మర్నాడు పొద్దున్న అమ్మ, మా అక్క కూతురు కాఫీ పళ్లు కోయడానికి తోటకొచ్చారు. నేను బండ మీద కూర్చున్నాను. అప్పుడే జవాబు వచ్చింది. దాన్ని పైకి చదివాను.

"సూపర్ మేడమ్. ట్రైబల్ బ్యాక్‌డ్రాప్, సంత, డొప్ప కాన్సెప్ట్ అదిరింది. దీన్నే కొత్త సిరీస్ చేద్దాం, కథ మీదే. డొప్ప బోర్లించే సీన్ ఫస్ట్ ఎపిసోడ్ ఎండింగ్. ఇరవయ్యో ఎపిసోడ్‌లో ఆ అమ్మాయే వచ్చి ఆ డొప్పని తిరగేసి, అతనికి తాగడానికి ఇస్తుంది. రీడర్స్ ఏడ్చేస్తారు."

మా అక్క కూతురు కోస్తున్న కొమ్మ వదిలేసింది. అమ్మకు మళ్లీ చదివి వినిపించాల్సి వచ్చింది, ఈసారి ఇంగ్లీషు తీసేసి మా మాటల్లో. అమ్మ బుట్ట సర్దుకుంటూ విన్నది.

"బోర్లించిన డొప్ప మళ్లీ తిప్పితే అందులో ఏటుంటాదే? మట్టి. ఆ బాబుకి మట్టి తాగాలనుందేటి?" అంది.

"ఏటని రాస్తావు సిన్నమ్మా?" అంది మా అక్క కూతురు.

నేను ఒక్క మాటే రాశాను. వద్దు. చుక్కలు లేకుండా, పక్కన ఏ గుర్తూ లేకుండా, ఒక్క మాట. పంపించాను.

అర నిమిషంలో జవాబొచ్చింది. నవ్వే బొమ్మ ఒకటి, దాని కింద రెండు ముక్కలు. "మీరు మొదట ఇలాగే అంటారని తెలుసు మేడమ్. రేపు మళ్లీ అడుగుతా."

వాళ్లిద్దరూ నా మొహం వైపే చూస్తున్నారు. నేను ఆ నంబరు బ్లాక్ చేశాను. ఫోన్‌ను బండ మీద బోర్లించి, బుట్ట అందుకున్నాను.